ఆ ఫస్టు ప్రైజు నాది!

పోయినేడు మా వాడికి ఏడో తరగతిలో సౌరకుటుంబం ప్రాజెక్టుకి ఫస్టు ప్రైజు వచ్చింది. సర్టిఫికెట్టు హాల్లో గోడకి తగిలించాం. ఇంటికొచ్చినవాళ్ళు "అబ్బ, ఎంత బాగా చేశావురా!" అంటూంటే వాడు మెల్లిగా లోపలికి జారుకునేవాడు. సిగ్గు కాబోలు అనుకున్నాను. సిగ్గే, కాని నేననుకున్న సిగ్గు కాదు. ఆ ప్రాజెక్టు చేసింది వాడు కాదు, నేను! శనిగ్రహానికి పాత సీడీ వలయంగా తొడిగిన ఘనత కూడా నాదే.

ఆ వారమే నీతి పాఠం పరీక్షలో "నిజాయితీ అనగానేమి?" అన్న ప్రశ్నకి వాడికి పదికి పది మార్కులు. జవాబు బట్టీ పట్టించిందీ నేనే!

నవ్వకండి. మీ ఇంట్లో అట్టముక్కలు కత్తిరించిందెవరో ఓసారి గుర్తు చేసుకోండి.

పిల్లలు చెడిపోతున్నారనీ, బళ్ళో నీతి పీరియడ్డు పెట్టాలనీ అందరం అంటాం. ఇది కొత్త మాటేమీ కాదు. 1959లో వేసిన శ్రీప్రకాశ కమిటీ అదే అంది. 1964-66 నాటి కొఠారీ కమిషనూ అంది. 2020 జాతీయ విద్యా విధానమూ విలువలు నేర్పాలనే అంది. కాదన్నవాళ్ళెవరు? కాని, పీరియడ్డులో వినేదొకటీ ఇంట్లో చూసేదొకటీ అయితే పిల్లవాడు దేన్ని నమ్ముతాడు? చూసినదాన్నే.

గాంధీగారు ఆత్మకథలో రాసుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. రాజకోటలో హైస్కూలు మొదటి ఏడు చదువుతుండగా జైల్స్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చి అయిదు ఇంగ్లీషు మాటలు రాయమన్నాడట. 'కెటిల్' అన్నది ఈయన తప్పు రాశారు. మేష్టారు బూటు కొనతో పొడిచి, పక్కవాడి పలక చూసి దిద్దుకోమని సైగ చేశారు. కాపీ కొట్టకుండా చూడవలసిన మేష్టారే కొట్టమంటారని ఆ పిల్లవాడికి తట్టనే లేదు! ఆనాడు మేష్టారి నోరేం బోధించిందో మనకి తెలియదు. ఆయన బూటు బోధించింది మాత్రం నిలిచిపోయింది. ఇవాళ ఆ బూటు మనం తొడుక్కున్నామని నా అభియోగం.

టిఫిను డబ్బా మరిచిపోతే ఆటో ఎక్కి బడికి పరుగెడతాం. హోంవర్కేమిటో వాడికి గుర్తుండక్కర్లేదు. అమ్మ వాట్సాప్ గ్రూపులో అడిగి తెలుసుకుంటుంది. పన్నెండేళ్ళవాడి తలకాయ చెయ్యవలసిన పని మన ఫోను చేస్తోంది. ఆపైన "వీడికి బొత్తిగా బాధ్యత లేదండీ" అని మనమే దిగులు పడతాం!

మరి ఆడపిల్ల సంగతో? అదే ఈడు పిల్ల కంచాలు పెడుతుంది, వాన వస్తే బట్టలు తీస్తుంది, తమ్ముణ్ణి చదివిస్తుంది. దాన్ని బాధ్యత అని ఎవరూ మెచ్చుకోరు. "ఆడపిల్ల, నేర్చుకోవద్దూ?" అంటారు. ఒకే ఇంట్లో బాధ్యత ఒకరికి నెత్తిమీద మూట, ఇంకొకరికి పుస్తకంలో పాఠం. ఇదెక్కడి న్యాయం?

"పనులు చెబితే చదువు పాడవదూ?" అంటుంది మా వదిన. జపానులో పిల్లలు తమ తరగతి గది తామే ఊడ్చుకుంటారు. చాలా బళ్ళలో తోటివాళ్ళకి అన్నం వడ్డించేదీ వాళ్ళే. అక్కడేం చదువు పాడైంది? మన దగ్గర చీపురంటే శిక్ష, లేదా ఫలానా పిల్లల పని. అలాక్కాదు. డాక్టరుగారబ్బాయితో సహా అందరికీ వంతులు రావాలి. తరగతి లైబ్రరీ రిజిష్టరు పిల్లలే రాయాలి. ఇంట్లో పాల లెక్క, ఎవరి కంచం వాళ్ళు కడుక్కోవడం అబ్బాయికీ అమ్మాయికీ సమంగా ఉండాలి. లెక్క తప్పితే తప్పనివ్వండి. దిద్దుకునేదీ వాడే.

పన్నెండేళ్ళప్పుడు డబ్బా మరిచిపోతే ఒక పూట ఆకలి, అంతే. పాతికేళ్ళు దాటాక బాధ్యత మరిచిపోతే ఆ ఆకలి వాడిది కాదు, వాడి పెళ్ళాంబిడ్డలది. ఆ కష్టం ఎలా ఉంటుందో మనలో కొందరికి వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఏడు వాడే అడిగాడు, "అమ్మా, ఈసారి నన్ను చెయ్యనిస్తావా?" అని. నా ప్రాణం మీద గుండ్రాయి పడ్డట్టయింది. చెయ్యనిచ్చాను. సోఫా నిండా జిగురు, మబ్బులు బొగ్గుముద్దల్లా వచ్చాయి. పదికి నాలుగు మార్కులు. ఇప్పుడు ఇంటికెవరొచ్చినా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి మరీ చూపిస్తున్నాడు.

ఆ సర్టిఫికెట్టంటారా? గోడమీంచి తీసి నా బీరువాలో దాచుకున్నాను. నాదే కదా మరి!