పేదింటి స్థూలకాయం

స్థూలకాయమనగానే మన కన్నుల ముందు ఒక పాత చిత్రం నిలుస్తుంది. గద్దెమీద బొజ్జ నిమురుకుంటూ కూర్చున్న షావుకారు, లేదా నేతి మిఠాయిల నడుమ కాలం వెళ్ళబుచ్చే జాగీర్దారు. మన నాటకాలలోను, వ్యంగ్య చిత్రాలలోను లావుపాటివాడు ధనికుడు, బక్కచిక్కినవాడు పేదవాడు. ఈ లెక్క నేడు చెల్లదు. ఏ బస్తీ దవాఖానా వరండాలోనైనా ఒక ఉదయం నిలబడి చూడండి. చక్కెర వ్యాధి పరీక్షకు చీటీ పట్టుకొని నిలిచినవారిలో ఇళ్ళలో పాచిపని చేసే స్త్రీలు, ఆటో నడిపేవారు, కుట్టుపనితో పొట్ట పోసుకునేవారు ఎందరో ఉంటారు. వారి శరీరాలు బరువెక్కి ఉంటాయి. కనురెప్ప దించి చూస్తే లోపల నెత్తురు లేక పాలిపోయి ఉంటుంది. అధిక బరువు, పోషకాహార లోపం ఒకే మనిషిలో కాపురముంటున్నాయి.

ఇది మేము అతిశయోక్తిగా చెబుతున్న మాట కాదు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ వయసు స్త్రీలలో అధిక బరువు గలవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం. అదే సర్వేలో, అదే వయసు స్త్రీలలో రక్తహీనత రెండు రాష్ట్రాలలోను 57 శాతానికి పైబడి ఉన్నది. ఐదేళ్ళలోపు పిల్లలలో దాదాపు ముగ్గురిలో ఒకరు వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. అధిక బరువు నేటికీ కలవారి ఇళ్ళలోనే ఎక్కువన్నది నిజమే. అయితే కలవారికి వైద్యుడున్నాడు, నడవటానికి ఉద్యానవనమున్నది, పళ్ళు కొనే స్తోమతున్నది. లేనివారికి వ్యాధి మాత్రమే వచ్చింది, దానిని ఎదుర్కొనే సాధనాలు రాలేదు.

ఇట్టి స్త్రీకి సమాజం ఇచ్చే సలహా ఒక్కటే: “తిండి తగ్గించు.” వైద్యుడూ అదే అంటాడు, అత్తగారూ అదే అంటారు, పత్రికలలో వ్యాసాలు వ్రాసేవారూ అదే అంటారు. ఈ సలహా సగానికి పైగా అన్యాయమైనదని, శాస్త్రం దీనిని బలపరచటం లేదని మా అభిప్రాయం.

మొదట గర్భస్థ శిశువు సంగతి చూద్దాము. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944–45 శీతకాలంలో, హాలెండు దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. ఆ కరువునాడు తల్లి కడుపులో ఉన్నవారిని పందొమ్మిదేళ్ళ ప్రాయంలో సైనిక పరీక్షల రికార్డుల ద్వారా పరిశీలించి 1976లో ఫలితాలు ప్రకటించారు. గర్భం తొలి నెలలలో తల్లి ఆకలికి గురియైతే, బిడ్డ పెద్దయ్యాక స్థూలకాయం వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఆ తరువాత ఇంగ్లాండులో డేవిడ్ బార్కర్ అనే వైద్య పరిశోధకుడు తక్కువ బరువుతో పుట్టినవారికి మధ్యవయసులో గుండెజబ్బులు, చక్కెర వ్యాధి ఎక్కువగా వస్తున్నాయని చూపాడు. కడుపులో ఉన్నప్పుడే ఆకలిని చవిచూసిన శరీరం దొరికిన ప్రతి గింజను కొవ్వుగా దాచుకోవటం నేర్చుకుంటుందని దీనికి చెప్పే వివరణ.

మన దేశానికి సంబంధించిన నిదర్శనం పుణె దగ్గరి గ్రామాలలో దొరికింది. డాక్టర్ యాజ్ఞిక్, ఆయన సహచరులు అక్కడ పుట్టిన శిశువులను ఇంగ్లాండులోని సౌథాంప్టన్ శిశువులతో పోల్చి 2003లో ప్రచురించారు. మన శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, అక్కడివారిది సుమారు 3.5 కిలోలు. మన బిడ్డలు కండలోను, అవయవాల పరిమాణంలోను చాలా చిన్నవారు. కొవ్వులో మాత్రం అంత తక్కువవారు కారు. చూపులకు సన్నగా ఉండి లోపల కొవ్వు గల ఈ శరీరం మనకు పుట్టుకతోనే వస్తున్నది. భారతీయులకు బరువు హద్దులు పాశ్చాత్యులకన్న తక్కువగా పెట్టటానికీ, నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు చెప్పటానికీ ఈ శరీర లక్షణమే కారణం. పుట్టుకకు ముందే పడిన ఈ ముద్రకు ఎవరిని శిక్షిస్తారు? తిండిపోతని ఆ బిడ్డను నిందిస్తారా?

ఇక మన నగరానికి వద్దాము. తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం చెంతనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. ఇది 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ చేతిమీదుగా, బెరిబెరి వ్యాధిని గురించి విచారించే చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో నేటి పేరు ధరించింది. బెరిబెరి ఆనాడు మన సర్కారు జిల్లాలను పీడించిన వ్యాధి. మరలో తెల్లగా పాలిష్ పట్టించిన బియ్యంలో తవుడుతోపాటు విటమిను కూడా పోవటమే దానికి కారణం. తెల్లని మెతుకు మీద మనకున్న మోజు ఎంత పాతదో దీనినిబట్టి తెలుస్తుంది. మెకారిసన్ ఎలుకలకు దేశంలోని వివిధ ప్రాంతాల భోజనాలు పెట్టి చూస్తే, గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు గల సిక్కుల భోజనం తిన్నవి బాగా ఎదిగాయి. మద్రాసువారి భోజనం తిన్నవి అన్నిటికన్న వెనుకబడ్డాయి. ఆనాటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమలు కూడా ఉన్నవన్న సంగతి పాఠకులు మరువరాదు!

ఈ సంస్థ 1987–90 మధ్య హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో ఒక పని చేసింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పుడప్పుడే గ్రామగ్రామానికి విస్తరిస్తున్నది. పథకం అందిన 15 గ్రామాలలో గర్భిణులకు, బాలింతలకు రోజూ ఉప్మా పెట్టారు. దానిలో సుమారు 500 కేలరీల శక్తి, 20 గ్రాములకు తగ్గని మాంసకృత్తులు ఉండేవి. ఆరేళ్ళలోపు పిల్లలకు అందులో సగం. తక్కిన 14 గ్రామాలకు పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏళ్ళవారైనప్పుడు పరిశోధకులు మళ్ళీ వెళ్ళి వెయ్యిమందికి పైగా పరీక్షించారు. 2008లో వెలువడిన ఫలితమిది: ఉప్మా అందిన గ్రామాల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఎదిగారు. వారి శరీరంలో కొవ్వు ఎక్కువేమీ లేదు. పైగా చక్కెర వ్యాధికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత వారిలో తక్కువగా ఉన్నది, రక్తనాళాల బిరుసుతనమూ తక్కువే. ఒక్క పరిశోధనతో సర్వమూ తేలిపోయిందని మేమనము. కాని పేదలకు తిండి పెడితే లావెక్కుతారని భయపడేవారు ఈ ఉప్మాను గుర్తుంచుకోవాలి. సకాలంలో, మాంసకృత్తులతో కూడిన అన్నం పెడితే జరిగినది అందుకు విరుద్ధం.

రెండవ కారణం బజారులో ఉన్నది. చేతిలో కొద్దిపాటి డబ్బుతో ఐదుగురి కడుపు నింపవలసిన ఇల్లాలు ఏమి కొంటుంది? తక్కువ ధరకు ఎక్కువ శక్తినిచ్చేవి బియ్యం, చక్కెర, పామాయిలు. గ్రాము నూనెలో 9 కేలరీలున్నాయి, గ్రాము పిండిపదార్థంలో 4. పాలకూర, పప్పు, గుడ్డు, జామపండు కడుపు నింపటానికి ఖరీదైన మార్గాలు. పిల్లవాడు ఏడిస్తే ఐదు రూపాయల చిప్స్ పొట్లం ఏడుపు ఆపుతుంది. ఐదు రూపాయలకు పండు రాదు. ఆమె తెలివితక్కువది కాదు, లెక్క తెలిసినది. ఆమె లెక్క సరిగానే ఉన్నది, ధరలే తప్పుగా ఉన్నాయి.

ఇక్కడ చౌకబియ్యం సంగతి మాట్లాడక తప్పదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు అది పేదవానికి వరమైనది. గంజినీళ్ళతో రాత్రి గడిపిన ఇళ్ళలో అన్నం ఉడికింది. ఆ పథకాన్ని తేలికచేసి మాట్లాడేవారితో మేము ఏకీభవించము. అయితే నలభై ఏళ్ళు దాటినా మన ఆలోచన బియ్యం బస్తా దగ్గరే ఆగిపోయింది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల దినభోజనంలో ధాన్యం 250 గ్రాములు చాలు. పప్పు, గుడ్డు, మాంసం వంటివి కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు కావాలి. తెలంగాణలో కార్డుమీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఉచితంగా వస్తున్నది, అంటే రోజుకు 200 గ్రాములు. కంచంలో ధాన్యపు భాగాన్ని ప్రభుత్వం ముప్పాతికకు మించి నింపి, తక్కిన కంచాన్ని బజారు ధరకు వదిలివేసింది. 2025 నుండి దొడ్డుబియ్యానికి బదులు సన్నబియ్యం ఇస్తున్నారు. తినబుద్ధియ్యే బియ్యం పేదవానికి ఇవ్వటం సబబే. కాని సన్నదనం కోసం పెట్టిన ఖర్చులో కొంత కందిపప్పుకు మళ్ళించి ఉంటే మేము ఇంకా సంతోషించేవారము.

మూడవది ఇంటిలోపలి విషయం. దస్తర్‌ఖాన్ పరచిన ఇంటిలోనైనా, పీటలు వేసిన ఇంటిలోనైనా ఆడది చివర తింటుంది. అప్పటికి గిన్నెలో మిగిలేది అన్నం, అడుగున పులుసు. మాంసం ముక్క, గుడ్డు, పెరుగు మగవారికి, మగపిల్లలకు వెళ్ళిపోతాయి. ఆమె పిండిపదార్థంతో కడుపు నింపుకొని, మధ్యాహ్నం చక్కెర నిండిన చాయ్‌తో నీరసాన్ని అణచుకుంటుంది. గర్భవతికి, పాలిచ్చే తల్లికి హాని భయముంటే రంజాను ఉపవాసాలను తరువాతికి వాయిదా వేసుకొనే వెసులుబాటు షరీఅత్ ఇచ్చింది. ఇచ్చినా దానిని వాడుకోనిచ్చే అత్తవారిళ్ళు ఎన్ని? ఈ ప్రశ్న మేము మన సమాజంలోని పెద్దలను అడుగుతున్నాము.

మనుషులకు స్వయంనిగ్రహం అక్కరలేదా అని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. అక్కరే. ఇఫ్తార్‌కు ఖర్జూరంతో మొదలుపెట్టి పళ్ళెం నిండా సమోసాలతో ముగించటం, వలీమాలో బిర్యానీ మీద డబుల్ కా మీఠా వడ్డించకపోతే పరువు పోతుందనుకోవటం పేదరికం చేయించే పనులు కావు. కాని నిగ్రహం గురించి బోధించే హక్కు, ఎంచుకోవటానికి రెండో వస్తువును చూపినవానికే ఉంటుంది.

ఆ రెండో వస్తువు చూపే పని మన ఆవరణలోనే ఆరంభించవచ్చు. మన కాంటీనులో విద్యార్థికి దొరికేవి సమోసా, పఫ్, బిస్కెట్లు, చాయ్, శీతల పానీయం. ఉదయం ఏమీ తినకుండా రెండు బస్సులు మారి వచ్చే విద్యార్థినులకు మధ్యాహ్నం వరకు ఇదే ఆహారం. పాలకవర్గంవారు కాంటీను గుత్త మళ్ళీ ఇచ్చేటప్పుడు ఒక షరతు చేర్చాలని మా మనవి: ఉడికించిన శనగలు, కోడిగుడ్డు, అరటిపండు, మజ్జిగ, పల్లీపట్టీ ప్రతిరోజూ ఉండాలి, వాటిలో ఏదీ సమోసా ధరకు మించరాదు. గుత్తదారుకు నష్టం వస్తే అద్దెలో ఆ మేరకు తగ్గించవచ్చు. వార్షికోత్సవపు షామియానాకయ్యే దానితో పోలిస్తే అది పెద్ద మొత్తం కాబోదు.

ఇక మైదానం. అది నేడు బాలుర క్రికెట్టుకే పరిమితమై ఉన్నది. ఇరుకు గల్లీలలో నివసించే మన బాలికలకు పెళ్ళయ్యేవరకు, అయిన తరువాత కూడా, నాలుగు అడుగులు త్వరగా నడిచే చోటు మరొకటి లేదు. కొన్నేళ్ళలో తల్లులు కాబోయేది వీరే. వారానికి నాలుగు రోజులు, తరగతులు ముగిసిన పిమ్మట ఒక గంట, మైదానాన్ని వారికి అప్పగించాలి. పర్దా విషయమై తల్లిదండ్రులు శంకిస్తే రోడ్డువైపు కనాతు కట్టిస్తే సరిపోతుంది. అధ్యాపికలలో ఇద్దరు అక్కడ ఉండటానికి అంగీకరించారు.

మరొక చిన్న పని మా చేతిలోనే ఉన్నది. 2024 నాటి ఆ మార్గదర్శకాలను ఒక కాగితానికి కుదించి, ఒకవైపు సులభమైన తెలుగులో, మరొకవైపు ఉర్దూలో విద్యార్థులచేత వ్రాయించి, ప్రతి విద్యార్థి ఇంటికి ఒకటి పంపాలని తలచాము. తెలుగు భాగాన్ని మా శాఖ చూచుకుంటుంది, ఉర్దూ శాఖ మిత్రులు తమ వంతుకు మాట ఇచ్చారు. పాలకవర్గంవారినుండి మేము కోరేది అచ్చు ఖర్చు, మైదానపు గేటు తాళంచెవి.