చంద్రలోకపు జాడీలు

సంఘజీవనమనగానే చీమలను, తేనెటీగలను ఆదర్శంగా చూపడం పరిపాటి. ఎవరి పని వారు మారుమాటాడక చేసుకుపోయే ఆ కీటకాల వలె మానవులు కూడా జీవిస్తే లోకం బాగుపడుతుందని భావించేవారు అనేకులు. ఆ కోరిక అక్షరాలా నెరవేరితే ఎలా ఉంటుందో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1901లో వెలువడిన ‘ది ఫస్ట్ మెన్ ఇన్ ది మూన్’ అనే నవలలో ఊహించి చూపాడు.

వెల్స్ జీవశాస్త్రం అభ్యసించినవాడు. థామస్ హక్స్‌లీ శిష్యుడు. ఆయన నవలలో కేవర్ అనే శాస్త్రజ్ఞుడు చంద్రుని చేరుకుంటాడు. చంద్రగర్భంలోని గుహలలో సెలనైట్లనే కీటకజాతి నివసిస్తూ ఉంటుంది. ఆ జాతిలో ప్రతి ప్రాణినీ ఒకే ఒక పనికి తగినట్లు పెంచుతారు. గణితజ్ఞునికి మెదడు పెరిగి, అవయవాలు కృశిస్తాయి. యంత్రాలు నడపవలసిన పిల్లలను జాడీలలో బంధించి, ముందుచేతులు మాత్రమే వెలుపలికి ఉండేటట్లు పెంచుతారు. పని లేని శ్రామికులను మత్తుమందుతో నిద్రపుచ్చి, అవసరమైనప్పుడు మేల్కొలుపుతారు. అక్కడ నిరుద్యోగం లేదు, నిరసన లేదు.

జాడీ నుండి చాచిన ఒక పసిచేయి కేవర్ మనస్సును కలచివేస్తుంది. అయినా, పిల్లలను మనుషులుగా ఎదగనిచ్చి ఆ తరువాత యంత్రాలుగా మార్చే భూలోకపు పద్ధతి కంటే ఇదే నయమని అతడు తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. వెల్స్ వ్యంగ్యమంతా ఇక్కడే ఉంది. ఆయన అద్దం పట్టింది చంద్రునికి కాదు, నాటి పారిశ్రామిక సమాజానికి.

నిజమైన తేనెటీగ సైతం ఇటువంటి బానిస కాదు. కూలి ఈగ తొలిదినాలలో గదులు శుభ్రపరుస్తుంది. పిదప పిల్లపురుగులకు ఆహారమందిస్తుంది. మైనంతో పట్టు కడుతుంది. చివరకు మకరందానికై వెలుపలికి ఎగురుతుంది. మకరందం తెచ్చే ఈగలు నశిస్తే లేత ఈగలు ముందుగానే ఆ బాధ్యత స్వీకరిస్తాయి. పిల్లలను సాకేవి కొరవడితే పెద్ద ఈగలు తిరిగి ఆ పనికి పూనుకుంటాయి. పట్టును నిలుపుతున్నది పనుల విభజన మాత్రమే కాదు, అవసరాన్ని బట్టి పని మార్చుకోగల శక్తి కూడా.

ఒక విద్యలో ప్రావీణ్యం సంపాదించడం తప్పు కాదు. శస్త్రవైద్యునికి ఏళ్ల తరబడి ఏకాగ్ర సాధన అవసరమే. అయితే తాను ఎంచుకొన్న సాధన వేరు, ఇతరులు నిర్ణయించిన జాడీ వేరు. బాలునిలోని పాటను, ఆటను, ప్రశ్నను తొలగించి, ఒక్క ఉద్యోగానికి సరిపడే భాగాన్ని మాత్రమే పెంచే చదువు ఆ జాడీకి భిన్నమైనది కాదు. గాజు కంటికి కనబడనంత మాత్రాన బంధం లేదనుకోరాదు.

సమాజానికి నేర్పరులైన చేతులు కావాలి. కాని, ఆ చేతుల వెనుక సంపూర్ణ మానవుడు ఉన్నప్పుడే అది సమాజమవుతుంది. లేనినాడు అది కేవలం యంత్రశాల.