నలభై శాతం గీత పింఛనుకే, హక్కుకు కాదు

ఉదయగిరి - ఆత్మకూరు: సదరం కాగితంలో నలభైకి ఒక్క అంకె తగ్గితే చాలు, మన పడమటి మెట్ట పల్లెల్లో మనిషి వికలాంగుడు కాకుండా పోతున్నాడు. కాలు అదే కాలు, కన్ను అదే కన్ను. మారింది కాగితం మీద అంకె ఒక్కటే. పింఛను ఆగిపోతుందన్న దిగులు ఎటూ ఉంటుంది. దానికి తోడు, "ఇంక మనకు గవర్నమెంటులో ఏ హక్కూ లేదులే" అనుకుని ఇంట్లో కూర్చుండిపోతున్నవారు చాలామంది. పింఛను పోతే డబ్బు నష్టం. హక్కే లేదనుకుంటే అంతకంటే పెద్ద నష్టం. ఎందుకంటే ఆ అనుకోవడమే తప్పు. చట్టం అలా చెప్పలేదు.

రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024లో నెలకు 3 వేల రూపాయల నుంచి 6 వేలకు పెరిగింది. మంచం పట్టినవారికి 15 వేలు నిర్ణయించారు. 2025లో పింఛనుదారులకు మళ్లీ వైద్య పరీక్షలు జరిపారు. నలభై శాతానికి తక్కువని తేలినవారికి ఆగస్టులో నోటీసులు వెళ్లాయి. ఊరూరా ఆందోళన చెలరేగింది. అప్పీలు చేసుకోవచ్చునని ప్రభుత్వం చెప్పింది. దొంగ సర్టిఫికెట్లు ఏరివేయవలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఏరివేతలో గింజ కూడా చెరిగి పారబోసే ప్రమాదం ఉంది. అక్కడే చట్టం తెలిసినవారి అవసరం వస్తుంది.

చట్టం గీసిన గీతలు రెండు

వికలాంగులకు మొదట చట్టం వచ్చింది 1995లో. ఆ డిసెంబరులో జావేద్ అబిదీ వంటివారు చక్రాల కుర్చీల్లో ఢిల్లీ వీధుల్లోకి వచ్చి అడిగితే పార్లమెంటు కదిలింది. ఆ చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. దాని స్థానంలో 2016 డిసెంబరులో వికలాంగుల హక్కుల చట్టం చేశారు. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ఏడు రకాలు ఇరవై ఒకటి అయ్యాయి. మరుగుజ్జులు, యాసిడ్ దాడికి గురైనవారు, తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవారు కూడా అందులోకి వచ్చారు.

ఈ చట్టం వికలాంగులను రెండు విధాలుగా చెబుతుంది. దీర్ఘకాలంగా ఉన్న లోపం వల్ల, చుట్టూ ఉన్న అడ్డంకుల వల్ల నలుగురితో సమానంగా మెలగలేకపోయే ప్రతి మనిషీ వికలాంగుడే. ఇక్కడ శాతం ప్రసక్తి లేదు. వారిలో నలభై శాతం, ఆపైన లోపం ఉన్నవారు మరొక వర్గం. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం, ఇళ్ల స్థలాలు, భూమి పంపకం, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం కేటాయింపు, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య ఈ రెండో వర్గానికి. పింఛనుకు ప్రభుత్వం పెట్టుకున్న కొలత కూడా నలభయ్యే.

తక్కినవన్నీ అందరికీ వర్తిస్తాయి. బడిలో చేర్చుకోమని తిప్పి పంపరాదు. ఆఫీసుకు, ఆసుపత్రికి, పోలింగు కేంద్రానికి మెట్లు ఎక్కలేక వెనుదిరిగే పరిస్థితి ఉండరాదు. ఆస్తి కొనుక్కోవడానికి, అమ్ముకోవడానికి, వారసత్వంగా పొందడానికి అందరితో సమానమైన హక్కు ఉంది. "వాడికెందుకు పొలం, ఎట్లా దున్నుతాడు?" అని అన్నదమ్ములు భాగం ఎగవేస్తే అది న్యాయం కాదు, చట్టమూ ఒప్పుకోదు.

ఈ మాట సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చెయ్యి వంకర్లు పోయే జబ్బున్న వికాస్ కుమార్ అనే అభ్యర్థి సివిల్ సర్వీసు పరీక్షకు రాసిపెట్టే మనిషిని ఇవ్వమంటే, నలభై శాతం వైకల్యం లేదని కాదన్నారు. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. మనిషికి తగిన సదుపాయం కల్పించడానికి నలభై శాతం కొలబద్ద కాదని తేల్చింది. పదో తరగతి పరీక్ష రాసే మన ఊరి పిల్లలకు కూడా ఈ తీర్పు ఆసరా అవుతుంది.

నీళ్లు వంచిన నడుములు

మన ప్రాంతానికి ఈ సంగతి మరీ ముఖ్యం. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నదని అందరికీ తెలుసు. పళ్లు గార పట్టి, నడి వయసుకే మెడ తిరగక, నడుము వంగి, మోకాళ్లు ముడుచుకుపోయినవారు ఈ పల్లెల్లో కొత్త కాదు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని లెక్క. అది దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లో చేరి గట్టిపడుతుంది.

ఈ జబ్బు చరిత్ర కూడా మన జిల్లా నుంచే మొదలవుతుంది. మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో నీటి వల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయని షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన డాక్టర్లు 1937లోనే వైద్య పత్రికలో ప్రకటించారు. అప్పుడు దర్శి, పొదిలి, కనిగిరి మన జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు విడిపోయాయి. జిల్లా గీత మారింది గాని భూమిలో నీరు మారలేదు.

నల్లగొండవారు ఇదే బాధ మీద 1996 లోక్‌సభ ఎన్నికల్లో 480 మంది పోటీలో నిలిచి దేశం కళ్లు తమ వైపు తిప్పుకున్నారు. 2003లో అంశాల స్వామి అనే ఫ్లోరైడ్ బాధితుణ్ణి ప్రధాని వాజ్‌పేయి ఎదుట బల్ల మీద కూర్చోబెట్టి చూపించారు. అలా పోరాడితే మంచినీరు వస్తుంది. కాని కుళాయి వచ్చినంత మాత్రాన వంగిన నడుము నిటారు కాదు. అప్పటికే దెబ్బ తిన్నవారికి మిగిలే ఆధారం చట్టమే.

ఇరవై ఒక్క రకాల జాబితాలో ఫ్లోరోసిస్ అన్న పేరు విడిగా లేదు. కీళ్లు, ఎముకలు, కండరాల లోపం కిందనే దాన్ని కొలవాలి. కీలు ఎంత వంగుతున్నది, కండరంలో బలం ఎంత అన్నది చూసి శాతం వేస్తారు. నాలుగడుగులు నడిపించి చూస్తే మనవాడు నడుస్తాడు. బావిలో చేద వేసి తోడలేడు, కలుపు తీయడానికి వంగలేడు, దొడ్డికి కూర్చోలేడు. అందుకని పరీక్షకు పోయేటప్పుడు ముంజేతులు, వెన్నెముక ఎక్స్‌రేలు, పాత వైద్యం చీటీలు వెంట తీసుకుపోవాలి. ఏ పని చేయలేకపోతున్నదీ డాక్టరుకు నోరు విప్పి చెప్పాలి. సిగ్గుపడి "బాగానే ఉండాను సార్" అంటే కాగితంలో అదే పడుతుంది.

మంచినీరు పొందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2000లో హైదరాబాదు జలాశయాల కేసులో చెప్పింది. ఆ నీరు ఇవ్వలేకపోయినందువల్ల ఒక మనిషి కీళ్లు బిగుసుకుపోతే, అతన్ని శాతాల తక్కెడలో తూచేటప్పుడు ప్రభుత్వం కొంచెం ఉదారంగా ఉండడం ధర్మం.

ఫీజు లేని లాయరు

సర్టిఫికెట్ మీద అప్పీలు చేసే హక్కు 2016 చట్టం 59వ సెక్షనులోనే ఉంది. అది ఎవరి దయా కాదు. అప్పీలు నోటిమాటగా కాకుండా కాగితం మీద ఇవ్వాలి. నోటీసు నకలు, పాత సర్టిఫికెట్ నకలు జతచేయాలి. ఇచ్చినట్టు రశీదు గాని, రెండో కాపీ మీద ముద్ర గాని తీసుకోవాలి. రశీదు లేని అర్జీ గాలిలో పేలపిండి వంటిది.

ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్లు. నడవలేని మనిషి, తోడు ఒక మనిషి, బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోవడం. "ఈరోజు డాక్టరు లేడు, మళ్లా రాండి" అంటే అదంతా రెండింతలు. లాయరును పెట్టుకోవడమంటే ఎందరికో భయం. కాని 1987 న్యాయ సేవాధికారాల చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయం ఎంత అని అడగకుండా లాయరును ఉచితంగా పెట్టాలి. ఆత్మకూరు, ఉదయగిరి కోర్టుల్లోని మండల న్యాయ సేవా కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

ఇంకా పైకి పోవాలంటే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు. అధికారులను పిలిపించడానికి, రికార్డులు తెప్పించడానికి ఆ పదవికి సివిలు కోర్టు అధికారాలున్నాయి. ఆ మీద హైకోర్టు ఉంది. ఉద్యోగాల కోటాను ఎట్లా లెక్కకట్టాలో 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు చేత చెప్పించిన సీనియర్ న్యాయవాది ఎస్.కె. రుంగ్టా స్వయంగా చూపులేనివారు. జీజా ఘోష్ అనే మహిళను వైకల్యం కారణంగా 2012లో విమానం నుంచి దింపేస్తే, ఆమె కోర్టుకెక్కారు. 2016లో 10 లక్షల రూపాయలు పరిహారంగా ఇప్పించారు. విమానంలో ఆమెకు వర్తించిన గౌరవం, మన ఊరి బస్సులో, రేషను షాపులో మనవాళ్లకు కూడా వర్తిస్తుంది.

మెట్లు, మాటలు

ప్రభుత్వ కట్టడాలన్నీ వికలాంగులు వచ్చిపోయేలా మార్చాలని చట్టం అయిదేళ్ల గడువు పెట్టింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022లోనే తీరింది. ఈ ఏర్పాట్లు ఇష్టముంటే చేసేవి కావని, తప్పనిసరిగా చేయవలసినవని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మరోసారి హెచ్చరించింది. మన మండల ఆఫీసులు, సచివాలయాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, బ్యాంకులు ఎన్నింటికి వాలుబాట ఉందో ఎవరి ఊళ్లో వారు చూసుకోవచ్చు. ఉన్నచోట కూడా అది గోడంత ఏటవాలుగా ఉంటే ప్రయోజనం లేదు.

ఇక మన సంగతి. ఊళ్లో మనిషిని పేరు పెట్టి పిలవకుండా "కుంటోడా", "గుడ్డిదానా", "మూగోడా" అని పిలవడం మనకు అలవాటు. ఓటరు జాబితాలో ఉన్న పేరు ఊరి నోట్లో ఉండదు. నలుగురిలో కావాలని అలా అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలుశిక్ష వేయవచ్చునని 92వ సెక్షను చెబుతున్నది. కేసులు పెట్టుకోమని ఈ మాట చెప్పడం లేదు. పేరు పెట్టి పిలవడానికి చట్టం దాకా పోనక్కరలేదని చెప్పడమే.

చేయవలసినవి పెద్దవేమీ కావు. పరీక్షల శిబిరాలు నెల్లూరులోనే కాకుండా ఆత్మకూరు, ఉదయగిరిలో కూడా ముందుగా తేదీలు చాటించి జరపాలి. ఎముకల డాక్టరు తప్పక ఉండేటట్టు చూడాలి. శాతం తగ్గించినప్పుడు ఎందుకు తగ్గిందో తెలుగులో కాగితం మీద రాసి ఇవ్వాలి. బోర్ల నీటి పరీక్ష ఫలితాలను పంచాయతీ గోడ మీద అంటించాలి. రెండు ఊళ్ల న్యాయవాదులు నెలకొక పూట పల్లెకు వచ్చి అప్పీళ్లు రాసిపెడితే అంతకు మించిన పుణ్యం లేదు. చదువుకున్న కుర్రాళ్లు కూడా ఆ పని చేయవచ్చు.

ముప్పై అయిదు శాతం అని రాసిన కాగితం చేతిలో ఉన్నవారు దాన్ని చించి పారేయవద్దు. అప్పీలుకు అదే ఆధారం. అప్పీలులో ఓడినా పింఛను, కేటాయింపుల వంటివే పోతాయి. బడి, ఆసుపత్రి, పొలం, ఓటు, కోర్టు, పరువు ఎక్కడికీ పోవు. అవి అడిగి తీసుకోవలసినవి.