టెన్షన్ అనేసి ఊరుకున్నాం

మన ఇళ్లలో ఇప్పుడు కష్టాలన్నిటికీ ఒకటే పేరు. అప్పు తీర్చలేని రైతుకూ టెన్షనే, ఇంటర్ ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లకూ టెన్షనే, కూతురి కాపురం చూసి లోలోపల కుమిలిపోయే తల్లికీ టెన్షనే. పని కొరుకుడు పడకపోతే టఫ్, చిక్కొస్తే ప్రాబ్లమ్, భయమేస్తే రిస్క్. బస్సు, రైలు, సెల్‌ఫోను తమ పేర్లతోనే మన ఊళ్లకొచ్చాయి, వాటిని అలాగే పిలిస్తే తప్పులేదు. కష్టం అలా వచ్చింది కాదు. తరతరాలుగా మనతోనే ఉంది, దాన్ని చెప్పుకునే మాటలూ మనకుండేవి.

ఆ మాటలు దేనికదే వేరు. అత్తింటికీ పుట్టింటికీ మధ్య నలిగే కోడలు తన బతుకు అడకత్తెరలో పోకచెక్క అయిందంటే, ఇద్దరిలో ఒకరైనా పట్టు సడలించాలని వినేవాళ్లకు తట్టేది. పంట పోయిన ఏడే ఎద్దు చచ్చి, గోరుచుట్టు మీద రోకటిపోటయిందని ఒకాయన అంటే, ఆయనకు మానని దెబ్బ ఇంకొకటుందని గుర్తొచ్చేది. మింగలేక కక్కలేక ఉన్నానన్న మనిషిని నలుగురిలో నిలదీయకూడదని, పక్కకు పిలిచి అడగాలని తెలిసేది. ఏటికి ఎదురీదుతున్నానంటే ఓ చెయ్యి వేయాలనిపించేది. ఎలాంటి సాయం కావాలో ఆ మాటలోనే ఉండేది. టెన్షన్ అన్న మాటలో అదేమీ లేదు. "ఏం టెన్షన్ పడకు" అనేసి మన పనిలో మనం పడతాం. హాస్టల్ నుంచి ఫోన్ చేసిన పిల్లవాడికీ అదే చెప్పి పెట్టేశాం. వాడి భయం చదువు గురించా, తోటివాళ్ల గురించా, ఇంట్లో చేసిన అప్పు గురించా అని అడగలేదు. మాట పోగొట్టుకోవడం కన్నా ఇది పెద్ద తప్పు.

ఆ మాటలు మనకు దూరమైంది దాచిపెట్టినవాళ్లు లేక కాదు. 1868లో కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మన సామెతలు పోగుచేసి మద్రాసులో అచ్చువేయించాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల నోటి మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం తెచ్చారు, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. వాటిని లైబ్రరీ బీరువాల్లో వదిలేశాం. పత్రికల్లో రాసే మా పాపం ఇంకా ఎక్కువ. ఎన్నికలైనా, వరదైనా, కౌలు రైతు గోడైనా "టెన్షన్ టెన్షన్" అని శీర్షిక పెట్టి పేజీ నింపాం. వరద ముంపులో ఉన్న మనిషి తన గతి ఎలా చెప్పుకున్నాడో, అతని మాటల్లోనే రాయడానికి మాకు ఓపిక లేకపోయింది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిందని సంబరపడ్డాం, ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పేరు చెప్పి సభలు పెడుతున్నాం. జనం నోటి భాష కోసమే ఆయన పోరాడారన్నది ఆ సభల్లోనే మరిచిపోతున్నాం.

పదో తరగతి తెలుగులో పిల్లలకు జాతీయాలిచ్చి సొంతవాక్యాలు రాయమంటారు. వాళ్లు గైడులోని వాక్యాలు బట్టీపట్టి రాస్తారు. వాళ్లనేం అనగలం? ఆ మాటలు ఇంట్లో మన నోట ఎప్పుడైనా విన్నారు గనకనా!