వీలునామా ఎవరి భాషలో?

వీలునామా వ్రాసినచో చావును పిలిచినట్లగునని మన పెద్దలలో కొందరు నేటికిని వెనుకాడుదురు. నాకు అంతకంటె చింత కలిగించునది వ్రాసినవారి సంగతి. సేలంలో తమిళమునను, షోలాపూరులో మరాఠీలోను లేఖరి వ్రాసియిచ్చిన దస్తావేజుపై, తెలుగు తప్ప ఎరుగని ముసలివారు వేలిముద్ర వేసి వచ్చుచున్నారు. వారు కన్నుమూసిన పిమ్మట ఒక కుమారుడు కోర్టుకెక్కి, "అందులో ఏమున్నదో మా నాయనకు తెలియదు" అనును. మగ్గములు అమ్మి ప్లీడర్లకు పెట్టు రోజులు అప్పుడు మొదలగును.

ఆ మాటకు జవాబు చెప్పవలసినవాడు వీలునామాను చూపి ఆస్తి కోరువాడే. మైసూరునుండి వచ్చిన వెంకటాచల అయ్యంగారు, తిమ్మాజమ్మల వ్యాజ్యములో 1958లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టపరచినది. సంతకము నిజమైనంత మాత్రమున చాలదు. లాభము పొందువాడే ముందుండి వ్రాయించినచో, ఆ సందేహమును అతడే తీర్చవలెను. రిజిస్టరు చేయించితిమి గదా యని ధైర్యపడువారు పెక్కుమంది. రిజిస్ట్రేషను మంచిదే; కాని అది నిర్బంధము కాదు, సాక్ష్యమునకు బదులును కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము 63వ సెక్షను ప్రకారము కనీసము ఇద్దరు సాక్షులు ఆ సంతకమునో వేలిముద్రనో చూచి, లేక అది తనదేనని ఆయన నోట విని, ఆయన యెదుట సంతకము చేయవలెను. వారిలో ఒకరైనను బ్రతికియుండిన, కోర్టుకు వచ్చి చెప్పవలసియుండును. ఎనుబదియేండ్ల మిత్రులిద్దరిని సాక్షులుగా పెట్టుకొనుట తెలివి కాదు. గౌరవమునకు వారిని భోజనమునకు పిలువవచ్చును.

భాష విషయమున చట్టము మనకు అడ్డు రాదు. వీలునామా తెలుగులోనే వ్రాసికొనవచ్చును. స్టాంపు కాగితమును అక్కరలేదు. రిజిస్టరు చేయించుచోట తెలుగు తెలియనివారున్న, ఆ జిల్లాలో వాడుకలోనున్న భాషలోనికి సరియైన అనువాదమును, ఒక నకలును జతపరచవలెను. చదువురాని వారికైతే సాక్షుల యెదుట తెలుగులో వినిపించి, వినిపించిన సంగతిని అందులోనే వ్రాయించవలెను. వినిపించువాడు ఆస్తి పొందు కుమారుడు గాకుండుట మేలు.

మరియొకటి. ఉమ్మడి ఆస్తిలో తండ్రి తన వంతునే వ్రాసి యీయగలడు. ఇల్లు ఆయన పేరున నున్నను, ఉమ్మడి మగ్గముల సొమ్ముతో కొన్నదైనచో అంతయు ఆయనది కాదు. 2005 సవరణ తరువాత అందులో కుమార్తెలకును వంతు కలదు. "కట్నమిచ్చి పంపితిమి" అన్నంతనే ఆ వంతు పోదు.

ఇంట పెట్టెలో వీలునామా యున్నవారు ఈ వారమే దానిని తీసి, వ్రాయించిన పెద్దాయనకు తెలుగులో చదివించుడు. "నేనిట్లు చెప్పలేదే" అని ఆయన అన్నచో, రద్దుచేసి మరల వ్రాయించుటకు ఆయనకు ఇప్పుడైనను హక్కు కలదు.