ఆదివారం కబుర్లు: పక్కనే వున్న కార్వేటినగరం

మా అమ్మాయి డబ్లిన్ నగరంలో వుద్యోగం చేస్తున్నది. పోయిన నెల ఒక రాత్రి టెలిఫోనులో పలకరించి, సెలవులకు లైట్రిమ్ అనే జిల్లాకు వెళ్ళి వచ్చామని చెప్పింది. ఐర్లండు దేశంలో అన్ని జిల్లాలకంటె తక్కువ జనమున్నది అక్కడేనట. 2022 జనాభా లెక్కల ప్రకారం 35 వేల పైచిలుకు, అంతే.

“అక్కడ చూడడానికి ఏమున్నదమ్మా?” అన్నాను.

“పెద్దగా ఏమీ లేదు నాన్నా. సరస్సులు, పచ్చిక, వాన. అందుకే వెళ్ళాము” అన్నది.

తరువాత ఒక ఫోటో పంపింది. దారి పక్కన వూరిపేరు రాసిన పలక. పైన ఐరిష్ భాష, కింద ఇంగ్లీషు. ఐరిష్ బళ్ళలో నేర్పుతారు, పలకలమీద రాస్తారు. ఆ జిల్లాలో జనం మాట్లాడుకునేది మాత్రం ఇంచుమించు అంతా ఇంగ్లీషేనట. ఆ మాటా ఈ మాటా అయిన తరువాత అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. “నాన్నా, నేను చిన్నప్పుడు నేర్చుకున్న నవరోజు వర్ణం కార్వేటినగరం గోవిందసామయ్యగారిది గదా. మీరు పుట్టి పెరిగింది తిరుత్తణిలోనే. ఆ వూరు ఎప్పుడైనా చూశారా?”

చూడలేదు. కాశీ చూశాను, రామేశ్వరం చూశాను, యాభై కిలోమీటర్లలోపు వున్న కార్వేటినగరం చూడలేదు. మొక్కు లేని వూరికి మనం వెళ్ళము గదా!

మరుసటి ఆదివారం మా ఆవిడ పులిహోర కట్టి ఇచ్చింది. ఏడో తరగతి చదివే మనవణ్ణి వెంటబెట్టుకొని తిరుపతి వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. పొన్పాడి దాటగానే ఒక చిన్న స్టేషను వస్తుంది. పేరు మాత్రం చిన్నది కాదు: వేంకటనరసింహరాజువారిపేట. మన దేశంలో అంత పొడుగు పేరున్న స్టేషన్లు అరుదు. మావాడు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, “తాతా, ఇరవై ఎనిమిది!” అని కేక వేశాడు.

“తెలుగులో పదమూడే. లెక్కపెట్టు చూద్దాం” అన్నాను.

వాడు పలకవంక చూసి, నావంక చూసి వూరుకున్నాడు. వాడికి తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ నాయనమ్మతో పోట్లాడేదీ తెలుగులోనే. చదవడం మాత్రం తమిళమూ ఇంగ్లీషూ. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ పలక ముందర మాత్రం గుచ్చుకున్నది. లైట్రిమ్‌లో అక్షరం మిగిలి మాట పోయింది. మా ఇంట్లో మాట మిగిలి అక్షరం పోయింది.

తమిళనాడులో 2006 నాటి చట్టం తరువాత పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి అయిన మాట నిజమే. ఈ నేలమీద బతికే పిల్లవాడు తమిళం నేర్వవలసిందే, నేర్చుకోనీ. తప్పంతా చట్టంమీదికి నెట్టడం నాకు న్యాయంగా తోచదు. మా ఇంట్లో సాయంత్రం పూట వాణ్ణి కూర్చోబెట్టి అ ఆ లు దిద్దించినవాళ్ళు లేరు. వాళ్ళ నాన్నకు తీరిక లేదు. నాకు తీరిక వుండి కూడా తోచలేదు.

నగరి దగ్గర కిటికీలోనుంచి ముక్కుకొండ కనబడింది. పూర్వం సముద్రంమీద వచ్చే ఓడలవాళ్ళకు అదే గుర్తట. పుత్తూరులో దిగాము. ఎముక విరిగితే తప్ప మనవాళ్ళు ఆ వూళ్ళో దిగరు. మేము కాళ్ళూ చేతులూ బాగుండగానే దిగి, కార్వేటినగరం బస్సు ఎక్కాము.

చుట్టూ కొండలు, మధ్య వూరు. అడవిని వెట్టి కట్టినది గనుక కాడువెట్టినగరమై, అదే కార్వేటినగరం అయిందంటారు. రాజుల కోట శిథిలమై వున్నది. వేణుగోపాలస్వామి గుళ్ళో మేము వెళ్ళినప్పుడు మాతోబాటు నలుగురున్నారేమో. నింపాదిగా దర్శనం చేసుకున్నాము. తిరుపతి తోపులాటకు అలవాటుపడ్డ మావాడు, “తాతా, ఇంకాసేపు నిలబడవచ్చా?” అని గుసగుసగా అడిగాడు. కోరినంతసేపు నిలబడనిచ్చే దేవుడు దొరకడం కూడా ఒక భాగ్యమే.

అక్కణ్ణుంచి స్కందపుష్కరిణికి వెళ్ళాము. పెద్ద కోనేరు, రాతి మెట్లు. ఒక మెట్టుమీద కూర్చొని పులిహోర తింటూ వుంటే ఒక ముసలాయన దగ్గరికి వచ్చి, “ఏ వూరు సామీ?” అన్నాడు.

“తిరుత్తణి.”

“అట్లయితే మన వూరే! తిరుత్తణి మా రాజులదే గదా” అన్నాడు.

ఆయన చెప్పింది వుత్త మాట కాదు. ఒకప్పుడు తిరుత్తణి ప్రాంతం కార్వేటినగరం జమీందారీలోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు రెండూ అందులో చేరినవి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి వెళ్ళింది. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. కాగితంమీద గీత పడ్డా, ఆడికృత్తికకు ఈ వైపు జనం కావళ్ళు ఎత్తుకొని మా కొండకు రావడం మానలేదు. నీళ్ళూ మానలేదు. ఇక్కడి కృష్ణాపురం జలాశయంనుంచి వదిలిన నీరు కుశస్థలిలో పడి, పళ్ళిపట్టు మీదుగా వచ్చి, 1944లో కట్టిన పూండి చెరువు చేరుతుంది. చెన్నపట్నంలో వుండే మన పాఠకులు తాగే నీళ్ళలో కార్వేటినగరం వాన కూడా కొంత వున్నదన్నమాట.

ఈ వూరి ఆస్థానంలోనే సారంగపాణి వేణుగోపాలుడిమీద పదాలు చెప్పినాడు. ఆయన వాడింది పండితులు మెచ్చే భాష ఒకటే కాదు; ఈ సీమలో ఆడా మగా వాకిట్లో నిలబడి మాట్లాడుకునే తెలుగు కూడాను. గోవిందసామయ్యగారి మోహన, కేదారగౌళ వర్ణాలు ఈనాటికీ చెన్నపట్నంలో పిల్లలు నేర్చుకుంటున్నారు. మెట్టుమీద కూర్చొని ఒకటే అనుకున్నాను: మన వాకిలి మాట మూడు వందల ఏళ్ళు నిలిచిందంటే, ఎవరో పుణ్యాత్ముడు దాన్ని రాసిపెట్టబట్టే. నోటితో పలికినది పలికినవాడితోనే పోతుంది. రాసుకున్నది మాత్రం మనవడి దాకా వస్తుంది, వాడికి చదవను వస్తే.

ఈ ప్రయాణానికి పెద్ద ఖర్చు లేదు, ముందుగా టిక్కెట్టు కొనే పని లేదు, క్యూ లేదు. మన సంఘంలోని కుటుంబాలవారు ఏదో ఒక ఆదివారం పిలకాయలను తీసుకొని వెళ్ళిరండి. తిండి కట్టుకొని పోవడం మంచిది.

తిరుగు రైల్లో పుత్తూరు దాటినప్పటినుంచీ మావాడు నా చేతి సంచిమీద వేలితో అక్షరాలు రాయించుకుంటూ వచ్చాడు. స్టేషను వచ్చింది. కిటికీలోనుంచి తల బయటపెట్టి మొదలుపెట్టాడు: “వేం... క... ట... న... ర... సిం... హ... రా...” ఎనిమిదో అక్షరం దగ్గర రైలు కదిలిపోయింది.

ఇంకా అయిదు అక్షరాలున్నవి. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్దామంటున్నాడు. పులిహోర సంగతి మా ఆవిడకు ముందే చెప్పివుంచాను.