అది ఉపవాసం కాదు



ఒక కుటుంబం అనుమతితో, పేరు చెప్పకుండా ఇది రాస్తున్నాను. డిగ్రీ చదివే అమ్మాయి హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది. శుక్రవారం ఉపవాసం అంది. తర్వాత బుధవారం కూడా అంది. చివరికి రోజూ ఒక్క పూటే తినేది. "మా పిల్లకు భక్తి పెరిగింది అయ్యగారూ" అని తల్లి మురిసిపోయింది. నేనూ ఆదివారం అందరి ముందు మెచ్చుకున్నాను. ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయాక, ఆసుపత్రిలో గాని అది జబ్బని మాకు తెలియలేదు. ఎవరో "లావయ్యావు" అన్న మాటతో మొదలైందట.

ఆ మెప్పుకోలు నా తప్పు. అందుకే చెబుతున్నాను.

తిండి మానేసే ఈ జబ్బును డాక్టర్లు అనొరెక్సియా అంటారు. విపరీతంగా తిని, కావాలని వాంతి చేసుకుంటే బులీమియా. మాటిమాటికీ వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం తగ్గి గుండెకే ప్రమాదం. మగపిల్లలకూ వస్తుంది. విశ్వాసం తక్కువై వచ్చేది కాదు, తిడితే పోయేదీ కాదు.

1 రాజులు 19వ అధ్యాయం చదవండి. చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాకు దూత ప్రసంగం చెప్పలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ నిద్రపోతే నిద్రపోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్లీ పెట్టాడు. ఇక్కడ నీకేం పని అని దేవుడు అడిగింది హోరేబు చేరాకే. మనమేమో పిల్లలు గుమ్మంలో అడుగు పెట్టగానే మార్కులు అడుగుతాం, "చిక్కిపోయావే", "ఒళ్లు చేశావే" అంటాం.

తల్లిదండ్రులారా, ఆ మాటలు మానండి. కంచం ముందు పోట్లాడకండి, పక్కన కూర్చుని కలిసి తినండి. నెలసరి ఆగినా, జుట్టు రాలుతున్నా, ఎప్పుడూ చలి అంటున్నా, తినగానే బాత్రూంకి వెళ్తున్నా డాక్టరుకు చూపించండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు తెలుగులోనే, ఉచితంగా, ఏ వేళలోనైనా మాట్లాడతారు. ప్రార్థన చేద్దాం, వైద్యమూ చేయిద్దాం.

ఈ శుక్రవారం నుంచి మన మందిరంలో జబ్బుతో ఉన్నవాళ్లు భోంచేసే ప్రార్థనకు రావాలి. ఎవరు ఉపవాసం ఉన్నారో, ఎవరు లేరో మనం లెక్క చూడం. ఆ అమ్మాయి ఇప్పుడు మందులు, కౌన్సెలింగ్‌తో మెల్లగా కోలుకుంటోంది. మొన్న మా ఇంట్లో రెండు ఇడ్లీలు తింది. అమ్మగారు వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నారు.

ప్రభువు మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.